వెలుగుతూ ఆరుతూ ఉన్న చెక్ ఇంజిన్ లైటును ఇంటి దగ్గరే బాగుచేసుకున్న అనుభవం

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగి అలాగే నిలిచిపోతే లోపాన్ని వెతకడం ఒక విధంగా సులభం. అది కొన్నాళ్లు వెలిగి, తనంతట తానే ఆరిపోయి, తేమగా ఉన్న ఏదో ఒక ఉదయం మళ్లీ కనిపిస్తుంటే మాత్రం పని కష్టమవుతుంది, ఎందుకంటే కారును ఎవరికైనా చూపించే సమయానికి లోపం అక్కడ ఉండదు. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గరగా ఉన్న మా అపార్టుమెంటు ముందు ఆరుబయట నిలిపి ఉంచే మా చిన్న పెట్రోలు కారు విషయంలో నాకు ఎదురైనది ఈ రెండో రకం. దాని మూలాన్ని మామూలు పనిముట్లతో ఇంటి ముందే కనుక్కుని సరిచేయగలిగాం. ఏ పరీక్ష ఎందుకు చేశామో, దానివల్ల ఏది తేలిందో కొంత వివరంగా రాస్తున్నాను. స్కానరులో లోపం కోడ్ చూడగానే సెన్సరు మార్చేయాలన్న అభిప్రాయం మన ఊళ్లో చాలామందికి ఉంది. ఉప్పు గాలి తగిలే చోట ఆ అభిప్రాయం వల్ల డబ్బు ఖర్చయిపోతుంది, లోపం మాత్రం అలాగే మిగులుతుంది.

మొదట కారును ఒక సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. అక్కడ స్కానరు తగిలించి, కోడ్ తుడిచేసి, ప్రస్తుతం లోపమేమీ లేదని పంపించారు. లైటు మళ్లీ వచ్చినప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సరు మార్చాలని, అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ వైరింగ్ మొత్తం మార్చవలసి రావచ్చని చెప్పారు. ఒక్క బండి దగ్గర గంటల తరబడి నిలబడి తీగలు కదిపి చూసే వెసులుబాటు అటువంటి చోట ఉండదన్న సంగతి నాకు తెలుసు. ఆ సమయం ఇంట్లో మన చేతిలో ఉంటుంది. షిప్‌యార్డులో ఎలక్ట్రికల్ పనిచేసి రిటైరయిన మా మావయ్య పెదవాల్తేరులో ఉంటారు, ఆయనకు ఫోన్ చేసి సంగతి చెబితే వెంటనే అడిగిన ప్రశ్న ఇది: “కోడ్ తుడిచే ముందు రాసి పెట్టుకున్నావా అమ్మా? దానితోపాటు ఇంకేమేం చూపించిందో అదీ కావాలి.”

ముందుగా లైటు సంగతి. పసుపు లైటు కదలకుండా వెలుగుతుంటే, ఇంజిన్ మామూలుగా నడుస్తుంటే, జాగ్రత్తగా ఇంటికి చేరవచ్చు. అదే లైటు టపటపా కొట్టుకుంటుంటే ఇంజిన్‌లో మిస్‌ఫైర్ జరిగి, కాలని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని పాడుచేసే ప్రమాదం ఉంది కనుక వెంటనే వేగం తగ్గించి బండి పక్కకు ఆపాలి. ఎర్రగా వెలిగే ఆయిల్ ప్రెషరు, ఉష్ణోగ్రత లైట్లు వీటికి వేరు. అవి వెలిగితే ఇంజిన్ ఆపడం తప్ప మరో ఆలోచన ఉండకూడదు. మా కారులో వెలిగింది కదలని పసుపు లైటు.

ఇది ఎప్పుడు వెలుగుతోంది, ఎప్పుడు ఆరుతోంది అని కొన్నాళ్లు కాగితం మీద రాసుకున్నాను గాని, ఆ లెక్కకు ఒక పరిమితి ఉందని, కారు తన లోపాలను తానే గుర్తించే ఓబీడీ వ్యవస్థ గురించి చదివాకే అర్థమైంది. ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు, అంటే ఈసీయూ, చాలా రకాల లోపాలను మొదటిసారి చూసినప్పుడు వాటిని పెండింగ్ కోడ్‌గా మాత్రమే దాచుకుంటుంది. తరువాతి ప్రయాణంలో కూడా అదే కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. తరువాత లోపం కనిపించని డ్రైవింగ్ చక్రాలు, అంటే స్టార్ట్ చేసి నడిపి ఆపే ప్రయాణాలు, సాధారణంగా వరుసగా మూడు పూర్తయితే లైటు ఆర్పేస్తుంది, కోడ్‌ను మాత్రం దాదాపు 40 వార్మప్ చక్రాల (చల్లని ఇంజిన్ వేడెక్కడం ఒక చక్రం) వరకు జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. అంటే ఈ రోజు వెలిగిన లైటుకు కారణం నిన్నటిది కావచ్చు, ఈ రోజు ఆరిపోయిన లైటు లోపం పోయిందన్న దానికి రుజువు కాదు. లైటు ఆరి ఉన్నప్పుడు కూడా స్కానరు తగిలించి పెండింగ్ కోడ్‌లు, నిలవ ఉన్న కోడ్‌లు చదవవచ్చన్నది ఇందులోంచి వచ్చే అసలు ప్రయోజనం. మన దేశంలో భారత్ స్టేజ్ 4 (కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 నుంచి ఓబీడీ 2 తప్పనిసరి అయింది కనుక ఆ తరువాతి కార్లలో స్టీరింగు కింద, డ్రైవరు మోకాలికి దగ్గరలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి తగిలించే ఈఎల్‌ఎం 327 తరహా బ్లూటూత్ అడాప్టరు, ఫోనులో ఒక ఉచిత యాప్ ఉంటే చాలు. అడాప్టరును సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీ తినేస్తుంది, పని కాగానే తీసేయాలి.

లైటు మళ్లీ వెలిగిన రోజు, దేనినీ తుడవకుండా చదివాను. కోడ్ పి 0118. కూలెంట్ ఉష్ణోగ్రత సర్క్యూట్‌లో సిగ్నల్ హద్దుకు మించి ఎక్కువగా ఉందని దాని అర్థం. దానికంటే విలువైనది ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే లోపాన్ని గుర్తించిన క్షణంలో ఈసీయూ దాచిపెట్టుకున్న కొలతల పట్టిక. అందులో కారు వేగం గంటకు 38 కిలోమీటర్లు, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు. ఓబీడీ ప్రమాణంలో ఉష్ణోగ్రతను ఒక బైటు సంఖ్యగా పంపి అందులోంచి 40 తీసివేస్తారు కాబట్టి అది చూపగలిగిన కనిష్ఠ విలువే మైనస్ 40. నడుస్తున్న ఇంజిన్‌లో, విశాఖ ఎండలో, ఆ విలువ రావడానికి మామూలుగా ఉండే కారణం ఒకటే: సర్క్యూట్ ఎక్కడో తెగడం.

ఆ సెన్సరు లోపల ఉండేది వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గిపోయే థర్మిస్టరు. ఈసీయూ 5 వోల్టులను తన లోపలి రెసిస్టరు గుండా దానికి పంపి, మధ్యలో మిగిలిన వోల్టేజీని కొలుస్తుంది. ఇంజిన్ చల్లగా ఉంటే వోల్టేజి ఎక్కువ, వేడెక్కితే తక్కువ. తీగ తెగినా, పిన్ను తాకకపోయినా, సెన్సరు లోపల విరిగినా వోల్టేజి పూర్తిగా 5కు చేరుతుంది. అప్పుడు ఈసీయూకు అది అతి చల్లని ఇంజిన్‌లా కనబడుతుంది. అందువల్ల పి 0118 అన్న కోడ్ సెన్సరు పేరు ఎత్తుతున్నట్లు కనిపించినా, అది నిజానికి సెన్సరు, దానికి తీగలను తగిలించే ప్లగ్గు అయిన కప్లర్, రెండు తీగలు, ఈసీయూ పిన్నులు కలిసిన మొత్తం దారి గురించి చెబుతోంది. ఈ అనుభవంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే. అదే దారిలో ఉప్పునీటి తేమ చేరి రెండు పిన్నుల మధ్య కరెంటు కారిపోతుంటే రెసిస్టెన్స్ తగ్గి, ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనబడేది, కోడ్ కూడా పి 0117 వచ్చేది. మాకు వచ్చింది దానికి వ్యతిరేకం కనుక తేమ చేరడం ఒక్కటే కారణమనుకోవడానికి వీలు లేకపోయింది.

ఫ్రీజ్ ఫ్రేమ్ చదివాక పాత సంగతులు కొన్ని అర్థమయ్యాయి. అప్పుడప్పుడు హనుమంతవాక దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు రేడియేటరు ఫ్యాన్ అకస్మాత్తుగా పెద్ద శబ్దంతో తిరగడం, కొన్నిసార్లు ఏసీ చల్లదనం తగ్గిపోవడం నేను గమనించాను గాని వాటిని ఈ లైటుతో కలిపి చూడలేదు. కూలెంట్ వేడి ఎంతో తెలియనప్పుడు చాలా కార్లలో ఈసీయూ ముందుజాగ్రత్తగా ఫ్యాన్‌ను నిరంతరం తిప్పుతుంది, ఇంధనాన్ని ఒక ఊహించిన ఉష్ణోగ్రత ఆధారంగా లెక్కగడుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత సూచన కూడా చాలా కార్లలో ఇదే సెన్సరు మీద ఆధారపడుతుంది. కాబట్టి ఈ లోపం ఉన్నంత కాలం ఇంజిన్ నిజంగా వేడెక్కినా మనకు తెలియకపోవచ్చు. తేలేవరకు అరకు, అన్నవరం వంటి దూర ప్రయాణాలు పూర్తిగా మానుకున్నాం, రోజూ బయలుదేరే ముందు రిజర్వాయరులో కూలెంట్ మట్టం చూసుకున్నాం.

ఆదివారం ఉదయం మావయ్య తన మల్టీమీటరు, సోల్డరింగు పెట్టె తీసుకుని వచ్చారు. బోనెట్ ఎత్తగానే నన్ను గాజులు తీసేయమని, జుట్టు ముడి వేసుకోమని, చున్నీ ఇంట్లో పెట్టి రమ్మని చెప్పారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే ఫ్యాన్ ఎప్పుడైనా తిరగవచ్చు, బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటరు మూత తెరవకూడదన్న మాట కూడా ఆయన మళ్లీ గుర్తు చేశారు.

ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండగా చేయవలసిన పరీక్ష మొదటిది, అది తేలికైనది కూడా. స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి యాప్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతను, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడాలి. రాత్రంతా నిలిచిన బండిలో ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మాకు ఒకటి 28, మరొకటి 29 చూపించాయి. సెన్సరు నిజమే చెబుతోందని అక్కడే సగం తేలింది. తరువాత కప్లర్ తీసి సెన్సరు రెండు కాళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే దాదాపు 2 కిలో ఓములు వచ్చింది. ఇంజిన్ వేడెక్కి 90 డిగ్రీలకు చేరాక మళ్లీ కొలిస్తే 250 ఓముల దరిదాపుల్లోకి దిగింది. ఈ విలువలు తయారీదారును బట్టి కొంత మారతాయి గాని, చల్లగా ఉన్నప్పుడు వేలలో, వేడిగా ఉన్నప్పుడు వందల్లో ఉండి, మధ్యలో ఎక్కడా ఎగరకుండా సాఫీగా తగ్గుతుంటే సెన్సరు ఆరోగ్యంగా ఉన్నట్టే.

కప్లర్ తీసి ఉన్నప్పుడే మరో రెండు పరీక్షలు చేశాం. తీసి ఉంచితే యాప్‌లో మైనస్ 40 రావాలి, వచ్చింది. కప్లర్ వైపు రెండు పిన్నులను సన్నని తీగతో కలిపితే విలువ పై హద్దుకు ఎగబాకాలి, ఎగబాకింది. అంటే ఈసీయూ, అక్కడివరకు వచ్చే తీగలు ఆ నిమిషంలో సవ్యంగానే ఉన్నాయి. ఆ నిమిషంలో అన్న మాటే ఇక్కడ ముఖ్యం. ఆగి ఆగి వచ్చే లోపాలలో ప్రతి పరీక్షా సవ్యంగానే తేలుతుంది, అందువల్లే చివరికి అందరూ సెన్సరునో ఈసీయూనో అనుమానించి మార్చేస్తారు.

ఎర్త్ సంగతి కూడా తేల్చుకోవాలని మావయ్య పట్టుబట్టారు. సముద్రం ఒడ్డున బండి బాడీకి బిగించిన ఎర్త్ తీగల కొసలు తుప్పు పట్టడం మామూలే, ఎర్త్ సరిగా లేకపోతే సంబంధం లేని కోడ్‌లు ఎన్నో వస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ ఆన్‌లో ఉంచి, బ్యాటరీ నెగెటివ్ కొసకు ఇంజిన్ దిమ్మకు మధ్య వోల్టేజి కొలిచాం. అది 0.1 వోల్టుకు లోపలే ఉంది. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, అంటే ఛార్జింగు బాగానే ఉంది. ఈ రెండు అనుమానాలు కొట్టేశాం.

కప్లర్‌ను వెలుతురులో పెట్టి లోపలికి చూస్తే రెండు పిన్నులలో ఒకదాని మీద పచ్చని చిలుము కనిపించింది. రెండూ ఒకే తేమలో ఉన్నప్పుడు ఒకదానికే ఎందుకు పట్టిందని అడిగాను. “5 వోల్టులు వచ్చే కాలు అదేనమ్మా. ఉప్పు తేమ ఉన్నచోట ప్లస్ వైపు రాగి కరిగిపోతుంది, మైనస్ వైపు అంతగా పోదు. ఓడల మీద ఇది రోజూ చూసేవాళ్లం,” అన్నారు. ఉప్పుకు ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఎండి ఉన్న ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. మన తీరంలో వర్షాకాలపు తెల్లవారుజాములు ఆ హద్దును సులభంగా దాటుతాయి, మధ్యాహ్నానికి ఎండ వచ్చి మళ్లీ ఎండబెడుతుంది. లైటు ఎక్కువగా వాన వెలిసిన మరునాళ్లలోనే ఎందుకు వచ్చిందో నా కాగితంలోని లెక్కకు ఇప్పుడు ఒక కారణం దొరికింది. కప్లర్‌లోని రబ్బరు సీలు ఒక మూల చిరిగి ఉండటమూ కనిపించింది.

చిలుము కనిపించగానే కాంటాక్ట్ క్లీనరు కొట్టి తుడిచి ముగించవచ్చని నాకు అనిపించింది. మావయ్య ఒప్పుకోలేదు. చిలుము అన్నది కారణం కావచ్చు గాని, అదే కారణమని ఇంకా రుజువు కాలేదు; తుడిచేస్తే రుజువు చేసుకునే అవకాశమూ పోతుంది. కాబట్టి కప్లర్‌ను ఉన్నది ఉన్నట్లే మళ్లీ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, యాప్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతను గ్రాఫుగా పెట్టి నేను డ్రైవరు సీటులో కూర్చున్నాను. ఇంజిన్ 92 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. మావయ్య చెక్క కర్రతో మొదట కప్లర్‌ను మెల్లగా తట్టారు, తరువాత అటూ ఇటూ కదిపారు. గీత కదలలేదు. కప్లర్ నుంచి వెనక్కు, తీగల కట్ట పొడవునా, కొంచెం కొంచెంగా వంచుతూ వెళ్లారు. కప్లర్‌కు జానెడు దూరంలో, కట్ట ఒక ఇనుప బ్రాకెట్ మీదుగా వంపు తిరిగే చోట వంచగానే గ్రాఫులో గీత నిట్టనిలువుగా మైనస్ 40కి పడిపోయింది, అదే క్షణంలో ఫ్యాన్ పెద్ద శబ్దంతో తిరగసాగింది. చెయ్యి వదలగానే మళ్లీ 92. లీటర్ల కొద్దీ వేడి కూలెంట్ ఒక్క క్షణంలో అంత చల్లబడదు, మళ్లీ అంతలోనే వేడెక్కదు. ఇన్నాళ్లుగా వేధించిన లోపాన్ని మా ఇష్టం వచ్చినప్పుడు రప్పించగలిగిన ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇష్టప్రకారం రప్పించగలిగిన లోపం బాగుపడిందో లేదో కూడా అదే పద్ధతిలో తేల్చుకోవచ్చు.

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, టేపు విప్పి, వంపు దగ్గర తీగ తొడుగును బ్లేడుతో జాగ్రత్తగా చీల్చాం. లోపల రాగి పోగులు మెరుపు పోయి నల్లగా మారి, చాలావరకు తెగిపోయి, ఒకటి రెండు మాత్రం ఒకదానినొకటి తాకుతూ ఉన్నాయి. సీలు చిరిగిన చోట చేరిన ఉప్పు తేమ సన్నని పోగుల మధ్య సందుల గుండా ఒత్తిలో నూనె ఎక్కినట్లు తొడుగు లోపలే పాకుతూ వంపు దాకా వెళ్లింది. ఇంజిన్ కుదుపులకు ఆ వంపు నిత్యం కదులుతుంటుంది కనుక బలహీనపడిన రాగి అక్కడే విరిగింది. ఈ సర్క్యూట్‌లో పారే కరెంటు అతి స్వల్పం, ఒక్క పోగు తాకి ఉన్నా సెన్సరు సరిగానే పనిచేస్తుంది, మల్టీమీటరుతో ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచినా తీగ బాగున్నట్లే చూపిస్తుంది. తీగను వంచుతూ కొలిస్తే తప్ప ఇది పట్టుబడదు. కప్లర్‌ను మాత్రమే తుడిచి ఊరుకుంటే కొన్ని వారాలు బాగుండి మళ్లీ అదే కథ మొదలయ్యేది, సెన్సరు మార్చినా అంతే.

గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాలు అమ్మే దుకాణంలో సరిపోయే కొత్త కప్లర్, దానితో వచ్చే రెండు పొట్టి తీగలు దొరికాయి. పాత తీగలను నల్లదనం పూర్తిగా పోయి రాగి ఎర్రగా మెరిసే చోటుదాకా వెనక్కు కత్తిరించాం. ఈ విషయంలో పిసినారితనం పనికిరాదు, నల్లబడిన రాగి మీద సోల్డరు సరిగా పట్టదు. రెండు అతుకులు పక్కపక్కన పడకుండా ఒకదానిని కొంత ముందుకు, ఒకదానిని వెనక్కు ఉంచి సోల్డరు చేశాం, ఒక్కొక్కదాని మీద లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడి చేశాం. సోల్డరు చేసిన చోట తీగ బిరుసెక్కి కుదుపులకు విరిగే అవకాశం ఉంది కాబట్టి అతుకులు వంపు దగ్గర కాకుండా తిన్నగా ఉండే భాగంలో పడేలా చూసి, కట్టను గుడ్డ టేపుతో చుట్టి, బ్రాకెట్‌కు రాసుకోకుండా కొంచెం వదులు ఇచ్చి క్లిప్పు వేశాం. కొత్త కప్లర్ సీలుకు డైఎలెక్ట్రిక్ గ్రీజు పలచగా రాశాం. అది విద్యుత్తును ప్రసరింపజేసేది కాదు, నీటిని అడ్డుకోవడానికి మాత్రమే. పిన్నుల మీద ముద్దగా పూయనవసరం లేదు.

బ్యాటరీ తగిలించి, కోడ్ అప్పుడు తుడిచి, ఇంజిన్ వేడెక్కాక మావయ్య అదే కర్రతో అదే వంపును ఇంతకు ముందుకంటే గట్టిగానే వంచి చూశారు. గీత కదలలేదు. తరువాత యాప్‌లో రికార్డింగు పెట్టి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాటి భీమిలి వరకు, మరో రోజు ఎక్కుడు మీద ఇంజిన్ మీద భారం పడాలని సింహాచలం ఘాట్ రోడ్డు మీదికి నడిపాను. ఇంటికి వచ్చి గ్రాఫు మొత్తం చూస్తే థర్మోస్టాటు తెరుచుకున్నచోట చిన్న వంపు, ట్రాఫిక్‌లో ఫ్యాన్ పనిచేసిన చోట్ల కొద్దిపాటి హెచ్చుతగ్గులు తప్ప ఒక్క తెగిన గీత కూడా లేదు. ఆ తరువాత వర్షాకాలం గడిచింది. లైటు రాలేదు, మధ్యమధ్య చదివిన పెండింగ్ కోడ్‌ల జాబితా కూడా ఖాళీగానే ఉంది. సెన్సరు మాత్రం పాతదే.

మా పై అంతస్తులో ఉండే మాస్టారి కారులోనూ ఇప్పుడు ఇదే విధంగా వచ్చి పోయే లైటు ఉంది. ఆయన కారులో కోడ్ పి 0113, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత సర్క్యూట్‌ది. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో అక్కడా మైనస్ 40 ఉంది. దాన్ని తుడవకుండా ఫోనులో ఫొటో తీసి ఉంచమని చెప్పాను, వచ్చే ఆదివారం మావయ్యతో కలిసి ఆ కప్లర్ దగ్గర నుంచి తీగ వెంట వెళ్లి చూడబోతున్నాం.